‘దాటి ఉంటది’ తెలిసిన పిల్లకు స్పానిష్ బరువు కాదు

పోయిన వానాకాలం మా అక్క కూతురు మిర్యాలగూడ నుంచి సూర్యాపేట వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుంది. బీకాం అయింది. స్పానిష్ వస్తే హైదరాబాద్ కంపెనీల్లో కొలువు దొరుకుతుందని ఫోన్‌లో క్లాసులు వింటోంది. మూడు నెలలు ఇష్టంగా చదివిన పిల్ల భవిష్యత్ కాలం దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేసింది. "చిన్నమ్మా, ఇగ నాతోని కాదు" అంది. నేను కోదాడలో ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. అప్పటికి నాకు స్పానిష్ ముక్క రాదు. ఆ పిల్లతో పాటే నేర్చుకున్నాను.

ఆమె నోటుబుక్కులో ప్రతి వాక్యం పక్కనా ఇంగ్లిష్ రాసి ఉంది. విల్, గోయింగ్ టు, మస్ట్. తెలుగులో అనుకున్నది ఇంగ్లిష్‌లోకి మార్చి, అక్కణ్నుంచి స్పానిష్‌లోకి మార్చాలి. కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయేవాళ్లను సూర్యాపేట తిప్పి పంపినట్టుంది ఆ పాఠం.

నిజానికి ఆ కాలం రూపాలు తేలిక. ‘కొమెర్’ అంటే తినడం. నేను తింటాను అంటే ‘కొమెరే’, నువ్వు తింటావు ‘కొమెరాస్’, ఆమె తింటుంది ‘కొమెరా’, మనం తింటాం ‘కొమెరేమోస్’, వాళ్లు తింటారు ‘కొమెరాన్’. క్రియ మొత్తాన్నీ అట్లాగే ఉంచి చివర ప్రత్యయం చేర్చడమే. స్పానిష్ క్రియలు మూడు తరగతులు. మూడింటికీ ఈ ప్రత్యయాలే. మొండికేసే క్రియలు డజను దాకా ఉన్నాయి. ‘తెనేర్’ కాస్తా ‘తెన్‌ద్రే’ అవుతుంది, ‘అసేర్’ కాస్తా ‘అరే’ అవుతుంది. వాటిలోనూ మారేది మొదలే, చివర కాదు. తిను, తింటాను, తిన్నాను అని పుట్టినప్పటి నుంచీ ప్రత్యయాలు మారుస్తున్న నాలుకకు ఇది కొత్త విద్యా?

పిల్ల అసలు చిక్కుకున్నది ఇక్కడ కాదు. ‘ఎస్తరా ఎన్ కాసా’ అనే వాక్యం దగ్గర. మాటలు చూస్తే భవిష్యత్తు. అర్థం మాత్రం ‘ఇప్పుడు ఇంట్లో ఉండొచ్చు’ అని. రేపటి రూపంతో ఇప్పటి ఊహ ఎట్లా చెబుతారని ఆమె సందేహం. దీన్ని ప్రత్యేక నియమంగా బట్టీ పట్టమన్నారట క్లాసులో.

ఆ సాయంత్రం మా ఆయన కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సెక్కారు. "బాబాయి ఎంతవరకు పోయిండో" అని నేనంటే, తల కూడా ఎత్తకుండా "బస్సు ఈ పాటికి నేరేడుచర్ల దాటి ఉంటది" అంది. నేను అక్కడే పట్టుకున్నాను. ‘ఉంటది’ ఏ కాలం? రేపు ఇంట్లో ఉంటది అన్నప్పుడు వాడేదే కదా. మరి బస్సు దాటడం జరిగిపోయిన సంగతి. దాటిందో లేదో చూడలేదు కాబట్టి ‘ఉంటది’ అన్నావు. స్పానిష్ వాళ్లు దీన్ని ‘అబ్రా పసాదో’ అంటారు. పసాదో అంటే దాటి, అబ్రా అంటే ఉంటది. మాటల వరుస తప్ప తేడా లేదు. ‘ఎస్తరా ఎన్ కాసా’ మన ‘ఇంట్లనే ఉంటడు’. ‘సెరాన్ లాస్ ఓచో’ మన ‘ఎనిమిదయితది’. పిల్ల మళ్లీ పుస్తకం తెరిచింది.

తర్వాత వెతికిన కొద్దీ దొరికాయి. ‘వోయ్ ఆ కొమెర్’ అంటే తినబోతున్నాను. ‘వోయ్’ పోతున్నాను అనే మాటే. మన ‘తినబోతున్నా’లో ఉన్నదీ ఆ పోవడమే. వాన రాబోతోంది అంటాం. రావడానికి పోవడాన్ని జతచేయడం మనకెప్పుడూ వింతనిపించలేదు, వాళ్లకూ అనిపించలేదు. మాటల్లో వాళ్లు ఎక్కువగా వాడేదీ ఈ రూపమే.

ఇంకొకటి నన్ను చాలా కదిలించింది. స్పానిష్ భవిష్యత్ ప్రత్యయాలు ఒకప్పుడు విడి మాట. లాటిన్ మాట్లాడే జనం క్రియ పక్కన ‘కలిగి ఉండు’ అనే క్రియను పెట్టి రేపటి సంగతి చెప్పేవారు. అది అరిగి అరిగి ముందున్న క్రియకు అతుక్కుంది. మన ‘చేయగలడు’లో ఉన్న ‘కల’, ‘ధనం కలవాడు’లో ఉన్న ‘కల’ ఒకటే. ఇవాళ దాన్ని శక్తిని చెప్పడానికి వాడుతున్నాం. పాత తెలుగులో భవిష్యత్తుకూ వాడేవారు. ‘సభ జరుగగలదు’ అని కరపత్రాల్లో ఇప్పటికీ చూస్తాం.

తేడా ఉన్నచోట తేడా చెప్పాలి. ‘రోజూ నడుస్తాను’, ‘రేపు నడుస్తాను’ మనకు ఒకే రూపం. అలవాటును చెప్పే దాన్ని మన వ్యాకరణం తద్ధర్మమంది. స్పానిష్‌లో మొదటిది ‘కమీనో’, రెండోది ‘కమినరే’. తెలుగు పిల్ల నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. ఇంగ్లిష్ మీదుగా చెప్పే పాఠం ఈ హెచ్చరిక చేయదు, ఎందుకంటే ఇంగ్లిష్‌కు ఆ ఇబ్బంది లేదు.

మరి తెలుగు మీదుగా ఈ పాఠం ఎవరు రాయాలి? 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. ఆయనకు స్పానిష్ వచ్చేది. పై చదువులు తెలుగులో చెప్పాలని పుట్టిన సంస్థ ఆ అకాడమీ. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఏళ్లుగా స్పానిష్ చెబుతోంది. ఈ రెండూ కూర్చుని, తెలుగు పిల్లలకు తెలుగు నుంచి నేరుగా స్పానిష్ నేర్పే వాచకం ఒకటి తయారుచేయాలి. ఇంగ్లిష్ సరిగా రాలేదు కాబట్టి మూడో భాష నీవల్ల కాదని మా జిల్లాల పిల్లలకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో తెలుగు చెప్పే నా తోటి టీచర్లకు ఒక మనవి. మీ ఇంట్లోనో బడిలోనో పరాయి భాష నేర్చుకుంటున్న పిల్ల ఉంటే, ఆ నోటుబుక్కు ఒకసారి అడిగి చూడండి.