కుంట: జనసాంద్రత చూపని ఊరు

జనసాంద్రత అంటే ఏమిటో మీరు చదివారు కదా! జనాభాను వైశాల్యంతో భాగిస్తే వచ్చే అంకె అది. పరీక్షలో అలాగే రాయండి. కాని ఆ అంకె చిన్నదిగా ఉంటే ఆ ప్రాంతం ఖాళీగా పడి ఉందని మాత్రం అనుకోవద్దు.

పాత బస్తర్ జిల్లానే తీసుకోండి. దాని వైశాల్యం 39,114 చదరపు కిలోమీటర్లు. అంటే ఒక్క జిల్లా కేరళ రాష్ట్రం కన్నా కాస్త పెద్దది! 1991 జనాభా లెక్కల్లో కేరళలో చదరపు కిలోమీటరుకు 749 మంది ఉంటే, బస్తర్‌లో 58 మందే. ఆ జిల్లాను 1998లో మూడుగా విడదీశారు, ఇప్పుడు అక్కడ ఏడు జిల్లాలున్నాయి.

జనం అంత పలచగా ఎందుకున్నారు? కొండలు, దట్టమైన అడవి ఒక కారణం. బతుకుతెరువు మరో కారణం. కొండల్లో పోడు చేసేవారు ఒకచోట పండించాక ఆ నేలను కొన్నేళ్లు వదిలేయాలి. ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు అడవిలోంచే రావాలి. కాబట్టి పటంలో ఖాళీగా కనిపించే కొండవాలు కూడా ఎవరో ఒకరికి తిండి పెడుతూనే ఉంటుంది.

ఈ ప్రాంతపు దక్షిణ కొసన, సుక్మా జిల్లాలో, శబరి ఒడ్డున కుంట అనే చిన్న పట్టణం ఉంది. హిందీలో కోంటా అంటారు. నదికి ఆవల ఒడిశా. జాతీయ రహదారి మీద దక్షిణంగా వస్తే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. చుట్టుపక్కల దోర్ల గిరిజనుల పల్లెలు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒక భాష, సంతలో వినేది తెలుగు, బడిలో చదివేది హిందీ.

పోలవరంలో నీరు నిలిస్తే శబరి వెనక్కి ఎగదన్ని కుంట ప్రాంతం మునుగుతుందని ఛత్తీస్‌గఢ్ 2011లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. నది వెంట కరకట్టలు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఈ మాట వచ్చినప్పుడల్లా "మునిగేది కొద్దిమందే కదా" అనేవారుంటారు. నాకు ఆ వాదన సరికాదనిపిస్తుంది. కుంట జనాభాలో ఆ ఊళ్లో ఉండేవారినే లెక్కిస్తారు. ఉప్పుకు, మందుకు, బస్సుకు అక్కడికి నడిచివచ్చే పల్లెలవాళ్లు ఆ లెక్కలోకి రారు. జనం పలచగా ఉన్నచోట ఒక ఊరు పోతే దానికి బదులు మరో ఊరు దగ్గరలో దొరకదు.

మీ ఊరికి దగ్గరి ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లో రాయండి. దాని పక్కనే మీ జిల్లా జనసాంద్రత రాసి చూడండి.