నిమిషానికి 60 మాటలు

మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలట. 2021 జూలైలో మొదలైన 'నిపుణ్ భారత్' పెట్టిన లక్ష్యం ఇది. ఏ మాటలు? 'వెళ్లిపోయిందనుకుంటున్నారు' అన్నది మనకి ఒక్క మాట. ఇంగ్లీషులో చెప్పాలంటే ఆరేడు కావాలి. ప్రత్యయం మీద ప్రత్యయం అల్లుకుపోయే భాషలో మాటలు లెక్కపెట్టి చదువు తేల్చడం, బస్తాలు లెక్కపెట్టి బరువు చెప్పడమే.

లిపి సంగతి సరేసరి. అచ్చులూ హల్లులూ వస్తే సరిపోదు, గుణింతాలున్నాయి, ఒత్తులున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లా ఏడాదిలో తేలిపోయే పని కాదిది. కన్నడ పిల్లల మీద పనిచేసి సోనాలి నాగ్ 2007లోనే ఈ విషయం రాశారు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే కదా.

ఢిల్లీకి ఇది తెలియదని కాదు. 2022 మార్చిలో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో మూడో తరగతి పిల్లల చేత చదివించి భాషకో కొలబద్ద తయారుచేసింది. సంతోషం. తెలుగుకీ తమిళానికీ తేడా ఉందని ఒప్పుకున్నవాళ్లకి తెలుగుకీ తెలుగుకీ మధ్య ఉన్న తేడా మాత్రం కనపడలేదు.

నా కోపం ఇక్కడే. కారంచేడు చుట్టుపక్కల ఒక బడిలో పఠన పరీక్ష జరుగుతుంటే కూర్చుని చూశాను. 'వెళ్లింది' అని ఉన్నచోట ఒక పాప 'ఎల్లింది' అని చదివింది. ఎదురుగా ఉన్నాయన పెన్సిలుతో గీత కొట్టాడు. 'నీరు' దగ్గర 'నీళ్లు' అంది. ఇంకో గీత. ఆ పాప అక్షరం చూసింది, అర్థం పట్టుకుంది, ఇంట్లో మాట్లాడే నోటితోనే పలికింది. చదవడమంటే ఇంకేమిటి? తర్వాత వచ్చిన పిల్లాడు గడగడా చదివేసి, కథలో ఏమైందని అడిగితే దిక్కులు చూశాడు. వాడి కాగితం మీద ఒక్క గీతా లేదు.

అలాగని పరీక్షలే వద్దనే మిత్రులతో నేను లేను. 'అసర్' సర్వే వాళ్లు 2005 నుంచి ఇళ్లకి వెళ్లి పిల్లల చేత అక్షరం, మాట, పేరా, కథ చదివిస్తున్నారు. రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు దేశంలోని పల్లెల్లో 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. ఈ అంకె దాచేస్తే ఎవరికి లాభం? పిల్లల్ని కాన్వెంటుకి పంపుకున్న మనకి.

కానీ అదే సర్వే కాగితంలో తల్లి ఎంతవరకు చదివిందో రాసుకునే గడి ఉంటుంది. తండ్రిదీ రాసుకుంటారు లెండి. సెమినార్లలో మాత్రం వేలు ఎప్పుడూ తల్లివైపే! ఇక జిల్లాకి 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు చొప్పున తీసిన ఆ లెక్కలో ఆడా మగా కనిపిస్తారు, ప్రభుత్వ బడీ ప్రైవేటు బడీ కనిపిస్తాయి. కులం కనిపించదు.

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలని చంపారు. అంతకుముందు రోజు, తమ తాగునీళ్లు పాడుచేస్తున్న కమ్మ యువకుల మీద బిందె ఎత్తింది సువార్త. బతికినవాళ్లు చీరాల చేరుకున్నారు. ఆ ఏడు ఒకటో తరగతిలో ఉండాల్సిన ఆడపిల్లలకి, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేనాటికి, ముప్పైకి దగ్గర వయసు. అలాంటి ఇంటికెళ్లి పిల్లల తల్లి చదువు అడిగితే గడిలో పడేది 'చదువుకోలేదు' అనే మాట. చదవనివ్వంది ఎవరో రాసుకోవడానికి గడి లేదు.

పిల్లల పుస్తకాల్లో పల్లె భాష, పల్లె బతుకు ఇమడవన్న సాకు కూడా చెల్లదు. 2008లోనే అన్వేషి 'డిఫరెంట్ టేల్స్' తెచ్చింది, గోగు శ్యామల లాంటివాళ్లు అందులో రాశారు. పరీక్షల పేరాలు మాత్రం ఇంకా వాకిట్లో ముగ్గూ పెరట్లో తులసీ ఉన్న ఇంట్లోంచే వస్తున్నాయి.

ఈ కొలతల కమిటీల్లో మన స్నేహితురాళ్లు కొందరున్నారు. వాళ్లనే అడుగుతున్నాను. ఆ పేరాలు రాసే బల్ల దగ్గరికి మాదిగపల్లె నుంచి, మాలపల్లె నుంచి టీచరైన ఆడవాళ్లని పిలవండి. 'ఎల్లింది' తప్పు కాదని పరీక్ష పెట్టేవాళ్ల శిక్షణలో చెప్పండి. ఎస్సీలు ఒక పట్టికలో, బాలికలు ఇంకో పట్టికలో కాకుండా, దళిత బాలికల ఫలితాలు విడిగా, మండలం వారీగా బయటపెట్టండి.