ఫోను ఎత్తని కుర్రవాడు



పోయిన నెల ఒక సాయంత్రం మా యింట్లో వంట కాలేదు. మా మనుమడు సెల్‌ఫోనులో చూసి ఒక హోటలు నుంచి పెసరట్లు తెప్పించాడు. మా గవరపాలెం సందుల్లో తెచ్చేవాడు దారి తప్పుతాడేమోనని నేను మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ ఎత్తలేదు. "ఈ కాలం కుర్రవాళ్లకు పెద్దలంటే లక్ష్యం లేదు!" అని విసుక్కున్నాను.

"తాతయ్యా, ఇక్కడ రాసి వుంది చూడండి," అన్నాడు మనుమడు. తెచ్చే అతనికి చెవులు వినపడవనీ, ఏదైనా చెప్పవలసి వుంటే రాసి పంపమనీ అందులో వుంది. కళ్లజోడు లేకుండా ఫోను చూస్తే ఇంతే మరి! ఐదు నిమిషాల్లో కుర్రవాడు వచ్చాడు. దారి తప్పనేలేదు. పొట్లం చేతికిచ్చి, నవ్వి, వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నా తరగతిలో అటువంటి పిల్లవాడొకడు వుండేవాడు. అల్లరి చేయడు గదా అని వెనక బల్ల మీద కూర్చోబెట్టాను. అతను నా పెదవుల కదలిక చూసి మాటలు పోల్చుకునేవాడు. నేనేమో సగంసేపు నల్లబల్లకేసి తిరిగి పాఠం చెప్పేవాణ్ణి. నా వీపు చూసి అతనేం నేర్చుకుంటాడు? జవాబు చెప్పలేదని ఒకసారి బెత్తం కూడా వాడాను. మరుసటి ఏడు అతను బడికి రాలేదు. ట్రెయినింగులో నాకీ సంగతి నేర్పలేదని అనవచ్చు. కాని కళ్లు నాకూ వున్నాయి గదా!

వినపడకపోతే మాట ఎందుకు రాదని మీరడగవచ్చు. గొంతులో లోపమేమీ వుండదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న గొట్టం వుంది. అందులో సన్నని వెంట్రుకలు గల కణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి, నరం మెదడుకు చేరుస్తుంది. పుట్టుకతోనే ఈ దారి మూసుకుపోతే బిడ్డకు అమ్మ మాట అందదు. అందని మాటను నేర్చుకోవడమెలా? (తల్లిదండ్రులకొక మాట: పుట్టిన నెలలోపే వినికిడి పరీక్ష చేయించవచ్చు.)

కాని భాష నోటికి మాత్రమే చెందినది కాదు. చేతులతోనూ, ముఖంతోనూ మాట్లాడే భారతీయ సంజ్ఞా భాష వుంది. దాని వ్యాకరణం దానిదే. ప్రశ్నపదం అందులో చివరన వస్తుంది, మన "నీ పేరేమిటి?" లాగానే! ఢిల్లీలోని సంజ్ఞా భాషా సంస్థ 2021లో 10,000 పదాలతో దీని నిఘంటువు వెలువరించింది.

బొంబాయిలో ధ్రువ్ లక్రా అనే యువకుడు ఒకనాడు బస్సులో పోతూ, పక్కన కంగారుగా అటూ యిటూ చూస్తున్న కుర్రవాణ్ణి ఎక్కడికి పోవాలని అడిగాడు. బదులు లేదు. కుర్రవాడికి వినపడదని అప్పుడర్థమైంది. దిగవలసిన చోటు దాటిపోతుందేమోనని అతని బెంగ. లక్రా కాగితం తీసి రాసి అడిగాడు. ఆ కాగితం ముక్క నుంచే, 2009లో, వినపడనివారితో నడిచే మిరాకిల్ కొరియర్స్ పుట్టింది. ఉత్తరాలూ పొట్లాలూ చేరవేయడానికి చిరునామా చదవగలిగితే చాలు గదా!

అంతకు ముందే, 2007లో, లెమన్ ట్రీ హోటళ్లవారు ఇటువంటివారిని పనిలో చేర్చుకోసాగారు. తోటి ఉద్యోగులకు సంజ్ఞలు నేర్పారు. 2015లో బొంబాయి పవాయిలో తెరిచిన మిర్చి అండ్ మైమ్ అనే హోటల్లో వడ్డించేవారు వినపడనివారే. ప్రతి వంటకం పేరు పక్కనా దాని సంజ్ఞ బొమ్మ అచ్చువేశారు. తినవచ్చినవాళ్లు చేతులతోనే అడిగారు.

ఇందులో వింతేముంది? మన అనకాపల్లి స్టేషనులో రైలు కూత పెడుతుండగా కిటికీలోంచి రెండు వేళ్లు చూపిస్తే రెండు టీలు వస్తాయి. అప్పుడెవరి చెవులు పనిచేశాయి?

నిఘంటువులోని బొమ్మలు చూసి మా మనుమడూ నేనూ రోజుకు నాలుగు సంజ్ఞలు నేర్చుకుంటున్నాం. వాడు నాకన్న చురుకు. మొన్న ఆ కుర్రవాడే మళ్లీ వచ్చాడు. నేను గర్వంగా "ధన్యవాదాలు" సంజ్ఞ చేశాను. అతను నవ్వాపుకుంటూ పొట్లం అరుగు మీద పెట్టి, నుదుటి దగ్గరున్న నా చేతిని గడ్డం దగ్గరికి దించి, అక్కణ్ణుంచి ముందుకు జరిపి చూపించాడు. రెండోసారి సరిగా చేశాను.