రాళ్లు ఓపిక పట్టినయి

హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందటి కల్యాణ మండపాన్ని బాగుచేస్తమని 2006లో విప్పినరు. మళ్లీ నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు. విప్పిననాడు పుట్టిన పిల్లగాడికి ఓటుహక్కు వచ్చేంత కాలమన్నమాట! 1163లో రుద్రదేవుడు ఈ గుడి కట్టించిన నాడు క్రేన్లు లేవు, కంప్యూటర్లు లేవు. అవన్నీ ఉన్న కాలంలో ఒక్క మండపాన్ని తిరిగి పేర్చేందుకు పద్దెనిమిదేండ్లు కావాల్సి వచ్చింది. అందులో ఎనిమిదేండ్లు ఉమ్మడి రాష్ట్రం ఖాతాల వేసినా, మిగిలిన పదేండ్లు మన సొంత రాష్ట్రం వచ్చినంకనే గడిచినయి. కేంద్ర పురావస్తు శాఖ పని కదా అని మనం చేతులు కట్టుకుని కూసున్నం.

అయినా ఆ పద్దెనిమిదేండ్లూ జనం రావడం మానలేదు. బడిపిల్లలు వచ్చినరు, కొత్త జంటలు వచ్చినరు, నల్లరాతి నంది మెడలోని గంటలను వేలితో తడిమి చూసినరు. దేవుని మీద భక్తి అంటారా? మరి వరంగల్ కోట సంగతేమిటి? 1323లో ఓరుగల్లు పడిపోయినంక స్వయంభూ దేవుని గుడి నేలమట్టమైంది. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు, నడుమ విరిగిన దూలాలు తప్ప ఇప్పుడక్కడ పెద్దగా ఏం లేదు. పూజ లేదు, ప్రసాదం లేదు. అయినా పొద్దంతా మనుషులు తిరుగుతనే ఉంటరు. ఆ తోరణాన్నే 2014లో మన రాష్ట్ర ముద్రలో పెట్టుకున్నం.

జనాన్ని గుంజుకొచ్చేది పనితనం. దానికి పాలంపేట రామప్పను మించిన సాక్ష్యం లేదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. నీళ్లల్ల తేలే ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది, స్తంభాల మీద దారం దూరేటంత సన్నటి సందులు. చూరు కింద నల్లరాతి మదనికల్లో ఒకామె ఎత్తుమడమల చెప్పులు వేసుకున్న వేటకత్తె! అక్కడి నాట్య భంగిమలనూ, జాయప సేనాని రాసిన నృత్త రత్నావళినీ పట్టుకునే నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్లీ ప్రాణం పోసిండు. గుడిలో ఉన్నది రామలింగేశ్వరుడు. కానీ రామప్ప అనేది శిల్పి పేరని మన జనం తరతరాలుగా చెప్పుకుంటున్నరు. రాజు పేరు కాదు, సేనాని పేరు కాదు, ఉలి పట్టినవాని పేరు! చరిత్రకారులు ఏమన్నా అననీ, గుడికి ఆ పేరు ఉండాలని కోరుకున్న జనం మనసు మాత్రం నిజం. గుడితోపాటు తవ్విన చెరువు కింద ఇప్పటికీ వరి పండుతున్నది.

2021 జులై 25న యునెస్కో రామప్పను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ ఆ జాబితాకెక్కని గుళ్ల సంగతి ఎవరు చూడాలె? పాత ఓరుగల్లు, కరీంనగర్, నల్లగొండ ఊర్లల్ల కాకతీయుల నాటి త్రికూటాలయాలు ఎన్ని చెట్లు మొలిచి పగులుతున్నయి? యాపచెట్టు కింద వీరగల్లు మీద బర్రెను కట్టేస్తున్నరు. గుప్తనిధులున్నయని రాత్రికి రాత్రి నంది కింద గుంత తీస్తున్నరు. కొన్నిచోట్ల పురావస్తు శాఖ పాతిన నీలి బోర్డు ఉంటది. ముట్టుకుంటే జరిమానా అని చెప్తది గానీ, ఇది ఎవరు కట్టినరో, ఎందుకు కట్టినరో చెప్పదు.

గుట్టలదీ అదే గతి. కరీంనగర్ చుట్టుపక్కల కోట్ల ఏండ్ల గ్రానైట్ గుట్టలను కోసి దిమ్మెలు చేసి ఓడలకెత్తినరు. రేగొండ దగ్గర పాండవుల గుట్టల మీద ఆదిమానవుడు రంగులతో గీసిన బొమ్మలు ఉన్నయి కాబట్టి ఆ పేరు నలుగురికీ తెలిసింది. బొమ్మలున్నయో లేవో చూడకముందే కరిగిపోయిన గుట్టలు ఎన్నో!

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నం. క్వారీకి కాగితం ఇచ్చేముందు ఆ గుట్ట మీద ఏమున్నదో పురావస్తు శాఖతో చూపించాలె. ఊరూరా గుళ్లు, వీరగల్లులు, శాసనాల లెక్క తీయాలె. ఆ లెక్కను గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలె. చరిత్ర చదివి కొలువుల్లేక తిరుగుతున్న పిల్లలు మనకు తక్కువేం లేరు, ఈ పని వాళ్ల చేతికి ఇవ్వాలె. వచ్చే ఎండాకాలంలనే మొదలుపెట్టాలె.