పూతరేకూ ప్రతినాయకుడూ

ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీంచి తీసిన ఒక్క రేకు పట్టుకుంటే చిరిగిపోతుంది. పొర మీద పొర వేసి, నెయ్యీ పంచదారా చల్లి చుడితేనే పూతరేకు. కథలో విలనీ అంతే! బ్యారేజీకి అవతల ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణకి ఈ కిటుకు బాగా తెలుసు. ఆయన రాసిన ‘ముత్యాలముగ్గు’ (1975) అనగానే గుర్తొచ్చేది కాంట్రాక్టరు రావుగోపాలరావే. కానీ కాపురం కూల్చమని పురమాయించింది, ఆ సంబంధం తన కూతురికి దక్కలేదని కుళ్ళుకున్న బంధువు. డబ్బు కోసం ఇల్లాలి గదిలో దూరినవాడు నూతన్‌ప్రసాద్. కాంట్రాక్టరుకి గానీ ఇతగాడికి గానీ ఆమె మీద పగేం లేదు, కూలికి చేసిన పని. పాపం, ఆవిడ ఎవరినని నిలదీస్తుంది? పైగా పనయ్యాక ఒకడి గుట్టు ఇంకొకడి గుప్పిట్లో ఉంటుంది. కథ చివరిదాకా నడవడానికి ఆ భయం చాలు.