బిల్లు కట్టనివాడి బిల్లు ఎవరు కడుతున్నారు?

బ్రిటన్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే వీసాలు, ఇళ్ళ ధరలు, పిల్లల స్కూళ్ళ తర్వాత ఎక్కువగా మాట్లాడుకునేది కరెంటు, గ్యాసు బిల్లుల గురించే. 2022 చలికాలం నుంచీ ఇదే వరస. ఆ మాటల మధ్యలో ఎవరో ఒకరు "అసలు అందరం కట్టడం మానేస్తే ఏం చేస్తారండీ?" అంటారు. ఆ వెంటనే ఇంకొకరు "కట్టనివాళ్ళ వల్లే కదా, కట్టే మనకి ఇంతింత బిల్లులు!" అని విసుక్కుంటారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ సగం నిజాలే. ఒక ఇల్లు బిల్లు మానేస్తే ఒకటి జరుగుతుంది. చెల్లాచెదురుగా లక్షల ఇళ్ళు మానేస్తే ఇంకొకటి జరుగుతుంది. అందరూ కలిసి, ఒక డిమాండు పెట్టి మానేస్తామంటే జరిగేది పూర్తిగా వేరు. ఈ తేడా తెలుసుకోకుండా మనం అటు వీరావేశమూ పడకూడదు, ఇటు పేదవాడి మీద విసుక్కోనూ కూడదు.

ముందు జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఇక్కడ యూనిట్ ధరకీ, స్టాండింగ్ ఛార్జీకీ గరిష్ఠ పరిమితి పెడుతుంది. ఆ లెక్కన మామూలుగా వాడే ఒక ఇంటికి ఏడాదికి 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు అయ్యేది. 2022 ఏప్రిల్‌లో అది 1,971 అయింది. 2022 ఆగస్టు 26న, అక్టోబరు నుంచి 3,549 పౌండ్లు అవుతుందని ప్రకటించారు. ఒక్క ఏడాదిలో దాదాపు మూడింతలు! ఉక్రెయిన్ మీద రష్యా దాడితో గ్యాసు ధర ఆకాశానికంటింది. ఈ దేశంలో అత్యధిక ఇళ్ళు వెచ్చబడేది గ్యాసుతోనే. కరెంటు ధరను కూడా చాలా గంటలు గ్యాసే నిర్ణయిస్తుంది. జీతాలు మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

ఆ వేసవిలోనే 'డోంట్ పే యూకే' అనే ప్రచారం మొదలైంది. పది లక్షల మంది మాట ఇస్తే అక్టోబరు 1న అందరూ ఒకేసారి డైరెక్ట్ డెబిట్ రద్దు చేసుకుందాం అన్నది పిలుపు. ఆ పది లక్షలకు వాళ్ళు చాలా దూరంలోనే ఆగిపోయారు. కానీ ఈలోపే, సెప్టెంబరు 8న, అప్పుడే ప్రధాని అయిన లిజ్ ట్రస్ ఆ లెక్కని 2,500 పౌండ్ల దగ్గర ఆపేస్తున్నట్టు ప్రకటించారు. తేడాని ప్రభుత్వమే అప్పు తెచ్చి కంపెనీలకు కట్టింది. ఇది ఒక్క ఆ ప్రచారం వల్లే జరిగిందని నేననను. కంపెనీలూ అడిగాయి, ప్రతిపక్షమూ అడిగింది, సొంత పార్టీ ఎంపీలకూ భయం పట్టుకుంది. అయితే ఆ భయం దేని గురించి? లక్షల ఇళ్ళు కట్టలేని పరిస్థితి వస్తే కంపెనీలు నిలబడవన్న భయమే. 2021 వేసవి తర్వాత అప్పటికే దాదాపు ముప్పై కంపెనీలు మూతపడ్డాయి. వాటి కస్టమర్లను వేరే కంపెనీలకు మార్చడానికి అయిన ఖర్చే ఇంటికి 94 పౌండ్ల చొప్పున అందరి బిల్లుల్లోకీ ఎక్కిందని నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2022లో లెక్క తేల్చింది.

సరే, అందరి సంగతి అలా ఉంచి, ఒక్క ఇల్లు కట్టడం మానేస్తే ఏమవుతుంది?

మన ఊళ్ళలో ఏమవుతుందో మనకు తెలుసు. నాలుగు రోజులు చూసి లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకుతాడు. ఆ వచ్చేవాడు మనిషి. "పంట డబ్బులు రాగానే కడతాం, ఇంట్లో పరీక్షల పిల్లలున్నారు" అని బతిమాలడానికి ఒక మొహం ఉంటుంది. ఒక్కోసారి వింటాడు, ఒక్కోసారి వినడు. కానీ ఫలానా ఇంటికి కరెంటు తీసేశారని మాత్రం వీధంతా తెలుస్తుంది.

ఇక్కడ బాకీ కోసం కరెంటు తీసేయడం చాలా అరుదు. దాన్ని చూసి "ఎంత నాగరికం!" అనుకుంటాం. అసలు కిటుకు వేరే చోట ఉంది. ముందు ఉత్తరాలు వస్తాయి. తర్వాత క్రెడిట్ రికార్డులో మచ్చ పడుతుంది, డిఫాల్ట్ పడితే ఆరేళ్ళు పోదు. బాకీ వసూలు ఏజెన్సీలు ఫోన్లు మొదలుపెడతాయి. చివరికి ఇంట్లో ప్రీపెయిడ్ మీటరు పెడతారు. అక్కడి నుంచి కంపెనీ ఎవరి కరెంటూ తీయనక్కర్లేదు. టాప్ అప్ చేయడానికి డబ్బుల్లేని రోజున కరెంటు దానంతట అదే పోతుంది. వేసిన ప్రతి టాప్ అప్‌లోనూ పాత బాకీ కింద కొంత కోసుకుంటారు. వాడకపోయినా స్టాండింగ్ ఛార్జీ పెరుగుతూనే ఉంటుంది. అంటే మనిషి తన ఫ్యూజు తానే పీక్కునే ఏర్పాటన్నమాట. లెక్కల్లో మాత్రం 'డిస్‌కనెక్షన్లు సున్నా' అని కనిపిస్తుంది.

2022లో 32 లక్షల మంది ఇలా ప్రీపెయిడ్ మీటరులో డబ్బులు అయిపోయి చీకట్లోనో చలిలోనో గడిపారని సిటిజన్స్ అడ్వైస్ అంచనా వేసింది. కట్టలేక బలవంతంగా ఈ మీటర్లకు మారినవాళ్ళు ఆ ఒక్క ఏడాదే ఆరు లక్షలని కూడా చెప్పింది. దీనికి చట్టం కూడా తోడుంది. 1954 నాటి ఒక చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర వారంటు తెచ్చుకుని కంపెనీ మనుషులు ఇంట్లోకి రావచ్చు. ఆ వారంట్లు కోర్టుల్లో కట్టలు కట్టలుగా మంజూరయ్యేవి. 2023 ఫిబ్రవరిలో టైమ్స్ పత్రిక విలేకరి బ్రిటిష్ గ్యాస్ తరఫున పనిచేసే కాంట్రాక్టు ఏజెన్సీలో చేరి, దుర్బలుల ఇళ్ళ తాళాలు తీసి మరీ మీటర్లు పెట్టడం బయటపెట్టాక గానీ దేశం ఉలిక్కిపడలేదు. వెంటనే ఆఫ్‌జెమ్ ఆపమంది, కోర్టులు వారంట్లు ఆపాయి. తర్వాత 75 ఏళ్ళు దాటిన, తోడు లేని వృద్ధుల ఇళ్ళలో, రెండేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో పెట్టకూడదని నిబంధనలు వచ్చాయి. 2024 మొదట్లో కొన్ని కంపెనీలకు మళ్ళీ అనుమతి ఇచ్చారు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్న మనం ఒక్క నిమిషం ఆగాలి. స్మార్ట్ మీటరు ఉన్న ఇంటికి వారంటూ అక్కర్లేదు, తాళం తీసేవాడూ అక్కర్లేదు. దూరం నుంచి ఒక కమాండు పంపితే మామూలు మీటరు ప్రీపెయిడ్‌గా మారిపోతుంది. ఆ కమాండు వెనక బిల్లింగ్ సిస్టం ఉంటుంది, అందులో బాకీ ఎన్ని రోజులు దాటితే ఏం చేయాలో రాసిన నియమాలుంటాయి. అలాంటి సిస్టంలు రాసేదీ, టెస్ట్ చేసేదీ, రాత్రి పూట సపోర్ట్ ఇచ్చేదీ మనలాంటి వాళ్ళమే. ఆ ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద బతుకుతున్న మనిషి ఉంటే ఆ సంగతి డేటాబేసులో ఒక కాలమ్. అది ఖాళీగా ఉంటే ఏమవుతుంది? లైన్‌మన్‌కి కనీసం కళ్ళున్నాయి. కాబట్టి "ఇదంతా రాజకీయం, మనకెందుకు" అనే మాట కనీసం మన వృత్తివాళ్ళ నోట రాకూడదు.

ఇప్పుడు విసుక్కునే మిత్రుల ప్రశ్నకి వద్దాం. కట్టనివాళ్ళ బాకీ మన మీద పడుతోందా? పడుతోంది. 2024 ఆరంభానికి బ్రిటన్ ఇళ్ళ ఇంధన బాకీలు 310 కోట్ల పౌండ్లకు చేరాయి. అప్పుడు ఆఫ్‌జెమ్ ఆ ఏప్రిల్ నుంచి ఏడాదికి ఇంటికి 28 పౌండ్లు అదనంగా వసూలు చేసుకోనిచ్చింది. 2025లో బాకీలు 400 కోట్లు దాటాయి. తిలా పాపం తలా పిడికెడు. పంచుకున్న పిడికిళ్ళలో కంపెనీల పిడికిలి ఎంత అన్నది మాత్రం మనం అడగం. వాటాదారుడి లాభం వాటాదారుడిది. రానిబాకీ మాత్రం పక్కింటివాడిది! ఆ పక్కింటివాడు కూడా అంతంతమాత్రం వాడే అయితే రేపు వాడూ బాకీ పడతాడు. ఆ బాకీ మళ్ళీ మిగిలినవాళ్ళ మీద పడుతుంది. చెల్లాచెదురుగా జరిగే ఎగవేత ఎవరినీ ఓడించదు. పేదవాడి బాకీని ఇంకో పేదవాడి బిల్లులోకి మారుస్తుంది, అంతే.

మరి కలిసికట్టుగా చేస్తే? ఈ దేశ చరిత్రలోనే జవాబుంది. 1989లో స్కాట్లండ్‌లో, 1990లో ఇంగ్లండ్, వేల్స్‌లలో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం తెచ్చిన పోల్ టాక్స్‌ని లక్షల మంది కట్టలేదు. కొందరు జైలుకీ వెళ్ళారు. 1990 నవంబరులో థాచర్ పదవి పోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 1993లో ఆ పన్నే పోయింది. అక్కడ డిమాండు ఒక్కటే, శత్రువు కూడా ఒక్కటే.

కానీ ఎగవేత ఆయుధంగా మొదలై, డిమాండు తీరాక కూడా ఆగకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూపించింది. 1980లలో సొవేటోలో నల్లజాతి ప్రజలు అద్దెలు, కరెంటు, నీటి ఛార్జీలు కట్టడం మానేశారు. జాత్యహంకార ప్రభుత్వం నడిపే పాలనకు డబ్బు ఇవ్వం అన్నారు. అది న్యాయమైన పోరాటం, గెలిచిన పోరాటం. 1994లో ప్రభుత్వం మారింది. మరుసటి ఏడాదే మండేలా ప్రభుత్వం 'మసఖానే' పేరుతో ఇక బిల్లులు కట్టండని ప్రచారం చేసింది. పెద్దగా ఫలించలేదు. ఎందుకంటే ప్రభుత్వం మారింది గానీ జీతాలు మారలేదు, ఉద్యోగాలు రాలేదు. ఎస్కామ్ సంస్థ కనెక్షన్లు పీకడం, జనం మళ్ళీ తగిలించుకోవడం, బాకీల మాఫీ, మళ్ళీ బాకీ, ప్రీపెయిడ్ మీటర్లు, వాటిని దాటేయడం. ముప్పై ఏళ్ళు ఇదే తంతు. 2023లో ప్రభుత్వం ఎస్కామ్ అప్పుల్లో 25,400 కోట్ల రాండ్లు తన నెత్తిన వేసుకుంది. ఆ దేశంలో కరెంటు కోతలకు ప్రధాన కారణం సొవేటో పేదలు కాదు. పాతబడిన బొగ్గు ప్లాంట్లు, ఆలస్యమైన కొత్త ప్లాంట్లు, అవినీతి. అయినా నింద మాత్రం బిల్లు కట్టని ఇంటి మీదే వేయడం అక్కడా తేలికైంది.

మన దగ్గరా ఇదే కథ ఇంకో రూపంలో నడిచింది. ప్రపంచ బ్యాంకు షరతులతో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ఛార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. 2004లో కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం రైతుకి ఉచిత విద్యుత్ ఫైలు మీదే. ఆ తర్వాత దాన్ని తీసేసే ధైర్యం ఏ ప్రభుత్వానికీ, రెండు రాష్ట్రాలయ్యాక కూడా, లేకపోయింది. జనం సాధించుకున్నది అది. కానీ సబ్సిడీ డబ్బు సకాలంలో రాక డిస్కంలు అప్పుల్లో కూరుకుపోయాయి. 'ఉదయ్' పథకం కింద ఆ అప్పుల్లో ఎక్కువ భాగం రాష్ట్రాల నెత్తికెక్కింది. కట్టని బిల్లు మాయం కాలేదు. చేతులు మారింది. తేడా ఏమిటంటే, ఖజానాకు పెద్దవాడు ఎక్కువ కట్టేలా పన్నులు వేసే వీలుంది. ఇక్కడిలా పక్కింటి బిల్లులోకి ఎక్కిస్తే ఆ వీలు లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. బిల్లు కట్టాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. కట్టలేనివాడి బిల్లు ఎప్పుడూ ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. అది ఎవరు కట్టాలో ముందే, బహిరంగంగా, చట్టంలో రాసుకోవాలా, లేక చలికాలం మధ్యలో మీటరులో చీకటి పడ్డాక తేల్చుకోవాలా అన్నదే ప్రశ్న.

ముందే రాసుకునే దారి ఉంది. ఆదాయం తక్కువున్న ఇళ్ళకు తక్కువ ధర, అంటే సోషల్ టారిఫ్. 2022 నవంబరులో ప్రభుత్వం దీన్ని పరిశీలిస్తామంది, 2024 ఏప్రిల్ నాటికి ఏదో ఒకటి తెస్తామంది. ఆ గడువు ఉత్తదే అయింది. అది వచ్చినా మనవాళ్ళకి ఒక చిక్కుంది. 150 పౌండ్ల వార్మ్ హోమ్ డిస్కౌంట్ లాంటి సాయాలన్నీ ప్రభుత్వ భృతి పొందేవాళ్ళకే ముడిపడి ఉన్నాయి. స్టూడెంట్ వీసా మీద ఈస్ట్ హామ్‌లో ఒక గదిలో ముగ్గురు సర్దుకుంటున్న మన పిల్లలకి, వర్క్ వీసా మీద వృద్ధాశ్రమాల్లో రాత్రి డ్యూటీలు చేసే మన అక్కచెల్లెళ్ళకి ఆ భృతులు నిషిద్ధం. నేను వెళ్ళిన అలాంటి ఇళ్ళలో కార్నర్ షాపుకి కీ పట్టుకెళ్ళి టాప్ అప్ చేయించుకురావడానికి వంతులు రాసి ఫ్రిజ్ మీద అంటించుకున్నారు. వాళ్ళూ తెలుగువాళ్ళే. మన సంఘాల ఉగాది వేడుకలకి టిక్కెట్టు కొనలేరు, అంతే తేడా.

కాబట్టి మన వేదిక అడగవలసినవి మూడు. సోషల్ టారిఫ్‌కి కొలత ఆదాయం కావాలి, వీసా రకం కాదు. ఇంట్లో ఎవరున్నారో మనిషి మాట్లాడి తెలుసుకోకుండా దూరం నుంచి మీటరు మార్చడం నిషేధించాలి. సంక్షోభ కాలపు బాకీల మాఫీ ఖర్చుని పక్కింటి బిల్లులోకి కాకుండా, ఇంధన లాభాల మీద పన్నులోకి ఎక్కించాలి.

మనం అడిగితే వింటారా అనకండి. కామన్వెల్త్ పౌరులుగా, ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న మనకి భారత పాస్‌పోర్టుతోనే పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ఆ సంగతి తెలియక పేరు నమోదు చేసుకోనివాళ్ళు మనలో ఎందరో! ఈ వారం రెండు పనులు చేయండి. ఓటరు నమోదు లేకపోతే చేసుకోండి. మీ ఎంపీకి ఈ మూడు డిమాండ్లతో ఒక ఉత్తరం రాయండి. డైరెక్ట్ డెబిట్ రద్దు చేయడం కంటే ఇది చిన్న పనే. కానీ చలికాలం రాకముందే చేయగలిగిన పని.