విజ్ఞాన వీధి: చివరి అరలో నాలుగు గోళీలు

క్రిందటి నెల ఒక శుక్రవారం సాయంత్రం దార్సైట్‌లో పది కుటుంబాలం కలుసుకున్నప్పుడు, మనలో ఫిజిక్సు చెప్పే మాస్టారొకరు ఓ వింత పెట్టె పట్టుకొచ్చారు. నిలువుగా, ఇరుకుగా ఉన్న గాజుపెట్టె. అడుగున మోటారుతో పైకీ క్రిందికీ ఆడే పిస్టన్. లోపల ఆవగింజంతేసి గాజు గోళీలు 300. స్విచ్చి వేయగానే మూకుట్లో పేలాలు వేగినట్టు ఒకటే గోల!

ప్రక్కగోడకు సన్నని చీలిక ఉంది. అందులోంచి అడ్డంగా దూకిన గోళీ 20 సెంటీమీటర్ల దిగువన ఉన్న అరల వరుసలో పడుతుంది. ఎంత వడిగా దూకినా అంత ఎత్తు దిగడానికి పట్టే కాలం ఒక్కటే, సెకండులో అయిదోవంతు. కనుక 10 సెంటీమీటర్ల దూరాన పడ్డది సెకండుకు అర మీటరు వేగంతోనూ, 30 దూరాన పడ్డది మీటరున్నర వేగంతోనూ బయలుదేరిందన్నమాట. గడియారం అక్కర్లేదు, స్కేలుంటే చాలు.

పది నిమిషాలకు చూస్తే దగ్గరి అరల్లో కొన్ని, మధ్యన కుప్ప, ఆపైన సన్నని తోక. గాలిలోని అణువుల వేగాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయని మాక్స్‌వెల్ 1860లో లెక్క కట్టి ప్రకటించాడు. 1920లో ఓటో స్టెర్న్ వెండి పరమాణువుల వేగాన్ని గిరగిర తిరిగే పరికరంతో కొలిచి చూశాడు.

పెట్టెకూ గాలికీ తేడాలు లేకపోలేదు. చీలికలోంచి వడిగలవే ఎక్కువగా తప్పించుకుంటాయి. గోళీలు గుద్దుకున్నప్పుడల్లా కొంత శక్తి పోగొట్టుకుంటాయి, మోటారు ఆపితే చతికిలబడతాయి. గాలికి మోటారక్కర్లేదు.

చివరి అరలో నాలుగే పడ్డాయి. “ఇవేవో పొరపాటున ఎగిరినవి, తీసేద్దాం” అన్నాము మేము, పెద్దరికం కొద్దీ. “అవీ ఆ పెట్టెలోవేగా అంకుల్!” అంది ఎనిమిదో తరగతి అమ్మాయి. మాకు నోట మాట రాలేదు. అసలు సంగతంతా ఆ నాలుగింటి దగ్గరే ఉంది మరి.

20 డిగ్రీల జనవరి రాత్రికీ, 45 డిగ్రీల జూన్ మధ్యాహ్నానికీ మన మేడమీద నత్రజని అణువుల సగటు వేగం సెకండుకు 470 మీటర్ల నుంచి 490కి పెరుగుతుంది, అంతే. నూటికి నాలుగు వంతులు! కాని అదే వేడికి నీటి సంతృప్త ఆవిరి పీడనం నాలుగు రెట్లవుతుంది. తడిచీరను విడిచి ఎగిరిపోగలిగేవి తోకలోని ఆ కొద్ది వడిగల అణువులే. సగటు కాస్త కదిలితే చాలు, తోక ఎన్నో రెట్లు బలుస్తుంది. పొడిగాలి రోజున ఆరేసిన చీర కాఫీ త్రాగేలోగా ఆరిపోవడం మీరందరూ ఎరిగిందే.

మోటారు కొంచెం హెచ్చించి మళ్ళీ వేశాము. చివరి అరలో ఈసారి 11 పడ్డాయి. ఆ అమ్మాయే లెక్కపెట్టింది.